చెరువు లోపల పార్కా, వంకకు పూడికతీతా? గ్రామసభకు ముందు సలహా కోరుతున్నాను

ప్రశ్న – ఉపాధ్యాయురాలు, తిరుపతి గ్రామీణ మండలం

అందరికీ నమస్కారం. తిరుపతి నగరానికి ఆనుకుని ఉన్న ఒక పంచాయతీలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. మా కాలనీకి ఉత్తరాన ఒక చెరువు ఉంది. రెవెన్యూ లెక్కల్లో దాని విస్తీర్ణం 38 ఎకరాలు. కొండ వైపు నుంచి వచ్చే వంక అందులో కలుస్తుంది. నిండిన ఏడాది మొరవ (చెరువులో ఎక్కువైన నీరు బయటికి పొర్లే చోటు) పారితే ఆ నీళ్లు ఇంకో రెండు గుంటలు దాటుకుని స్వర్ణముఖికి చేరేవని ఊళ్లో పెద్దవాళ్లు చెబుతారు. ఆ రెండు గుంటల్లో ఒకటి ఇప్పుడు ప్లాట్లయింది, మరొకటి సగమే మిగిలింది. మా కాలనీ కూడా ఒకప్పటి ఆయకట్టు భూమిలోనే వెలిసిందన్న సంగతిని ముందే ఒప్పుకుంటున్నాను. ఇల్లు కొనేటప్పుడు ఆ విషయం మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఈ చెరువును అభివృద్ధి చేస్తామని ఒక ప్రతిపాదన వచ్చింది. కట్టను వెడల్పు చేసి దాని మీద సిమెంటు నడక బాట వేస్తారు. చెరువు లోపలి వైపు రాతి గోడ కట్టి, సుమారు 3 ఎకరాల మేర మట్టి నింపి పార్కు, పిల్లల ఆటస్థలం ఏర్పాటు చేస్తారు. పడవలు తిప్పుతారు. రోడ్డు వైపు దుకాణాలు కట్టి, వాటి అద్దెలతో నిర్వహణ సాగిస్తామని అంటున్నారు. ఖర్చులో కొంత పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల నుంచి, మిగిలినది పై సంస్థల నుంచి వస్తుందట.

కాలనీలో చాలామంది సంతోషించారు, నేనూ మొదట సంతోషించాను. సాయంత్రం నాలుగడుగులు నడవడానికి మాకు చోటు లేదు. ఆడవాళ్లు రోడ్డు మీద లారీల పక్కన నడవవలసి వస్తోంది. అయితే 2021 నవంబరు వానల్లో మా వీధిలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చిన రాత్రి నాకు గుర్తుంది. చెరువు కట్ట తెగలేదు. మొరవ దాటిన నీటికి పోవలసిన దారి లేక, పాత కాలువ ఉన్న చోట నిలిచిన ఇళ్ల మధ్యకు వచ్చింది. ఆ దారి గురించి ఇప్పటి ప్రతిపాదనలో ఒక్క మాట కూడా కనిపించలేదు.

నా సందేహాలు ఇవి. చెరువులో 3 ఎకరాలు పూడ్చితే నిజంగా అంత తేడా వస్తుందా, లేక నేను అనవసరంగా భయపడుతున్నానా? ఇటువంటి పనికి పంచాయతీ నిధులు ఖర్చు చేయవచ్చా? గ్రామసభలో లేచి అభ్యంతరం చెబితే అభివృద్ధికి అడ్డుపడుతున్నానన్న మాట వస్తుంది. ఆ మాట పడకుండా ఏమి అడగాలి?

జవాబు 1 – నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించినవాడిని, చిత్తూరు

మేడం గారూ, మీ భయం అనవసరమైనది కాదు. లెక్క వేసి చూద్దాం.

ఒక ఎకరంలో ఒక అడుగు లోతున నిలిచే నీరు 43,560 ఘనపుటడుగులు, అంటే దాదాపు 12.33 లక్షల లీటర్లు. మీరు చెప్పిన 3 ఎకరాల్లో సగటున 6 అడుగుల నీరు నిలుస్తుందనుకుంటే 2.2 కోట్ల లీటర్లకు పైగా అవుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లతో తోడి పోయాలంటే 4,400 ట్యాంకర్లు చాలవు. పార్కు పేరుతో ఆ చోటు తీసేస్తే, నిండు వాన పడిన రోజు ఆ నీరంతా అంతకుముందు కంటే తొందరగా మొరవ ఎక్కి మీ వీధి వైపు బయలుదేరుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి: చెరువు నిండి ఉన్న రోజున వచ్చే వరదను 38 ఎకరాల చెరువైనా పూర్తిగా ఆపలేదు, దాని వేగాన్ని మాత్రం తగ్గిస్తుంది. అందుకే పాతకాలం వాళ్లు ఒకదాని కింద ఒకటిగా గొలుసు చెరువులు కట్టారు. పైచెరువు మొరవ నీళ్లు కింది చెరువుకు వంక అవుతాయి. మీ గొలుసులో కింది రెండు కడియాలూ ఇప్పటికే తెగాయి, మిగిలిన ఒక్కదాన్ని కూడా చిన్నది చేయడం గురించి మనం మాట్లాడుతున్నాం.

మొరవ అంటే తెలియనివారి కోసం ఒక మాట: కొన్ని చోట్ల కలుజు అని, తెలంగాణలో అలుగు అని పిలిచేది అదే. చెరువుకు ప్రాణం మూడు చోట్ల ఉంటుంది. నీరు తెచ్చే వంక, నీటిని నిలిపే కట్టా తూమూ, ఎక్కువైన నీటిని క్షేమంగా దాటించే మొరవా దాని కాలువా. మీరు రాసిన ప్రతిపాదనలో డబ్బంతా కట్ట పైభాగం మీదనే ఉంది, తక్కిన రెండింటికీ పైసా లేదు.

పడవల మాట చదివినప్పుడు నాకు ఎక్కువ ఆందోళన కలిగింది. పడవలు తిరగాలంటే ఏడాది పొడవునా నీరు ఉండాలి. మన ప్రాంతంలో చెరువులు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడి నిండుతాయి, వేసవికి అడుగంటుతాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి మొరవ గట్టును ఒక అడుగు ఎత్తు పెంచుదామన్న ఆలోచన ఎక్కడైనా వస్తుంది, నా ఉద్యోగంలో ఒకటికి రెండుసార్లు చూశాను. మొరవ ఎత్తు పెరిగితే నీటిమట్టానికీ కట్ట తలకూ మధ్య విడిచిన జాగా ఆ మేరకు తగ్గుతుంది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లిందంటే ఆ కట్ట నిలవదు. 2021 నవంబరులో రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకేజీ పడినప్పుడు కింది ఊళ్లను ఖాళీ చేయించవలసి వచ్చిన సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. గ్రామసభలో మొరవ మట్టం మారుస్తున్నారా అని సూటిగా అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

పాత మట్టికట్ట పైన సిమెంటు వేయడానికి కూడా నేను సుముఖుడిని కాను. ఎలుక బొరియలు, చీలికలు, కట్ట కుంగడం వంటివన్నీ మట్టి మీద అయితే కంటికి కనబడతాయి, సిమెంటు కింద అయితే ఆలస్యంగా తెలుస్తాయి. గట్టిగా తొక్కించిన మొరం బాట నడవడానికి బాగానే ఉంటుంది, ఖర్చూ తక్కువ.

నిబంధనల సంగతి. రాష్ట్ర భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు (చెరువు నిండినప్పుడు నీరు చేరే గీత) నుంచి 30 మీటర్ల వరకు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్ల వరకు భవనాలు కట్టరాదు. మీది 38 ఎకరాలంటే 15 హెక్టార్ల పైమాటే, కాబట్టి 30 మీటర్లు వర్తిస్తాయి. ఆ పట్టీలో పచ్చదనం, నడక బాట పెట్టుకోవచ్చు, దుకాణాలు కుదరవు. పూర్తి నీటిమట్టం హద్దును నీటిపారుదల, రెవెన్యూ శాఖలు కొలిచి ధ్రువీకరించాలి. ఆ కొలత జరగకుండా గీసిన ఏ నక్షానూ నమ్మకండి.

జవాబు 2 – తిరుపతి నగరవాసి

పెద్దాయన చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు. అయినా ఇంకో వైపు కూడా చూడమని మనవి చేస్తున్నాను.

కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట. మా నగరంలో పేరు చివర గుంట మిగిలిన వాడలు ఇన్ని ఉన్నాయి, ఆ పేర్లకు తగిన నీళ్లు మాత్రం చూడలేం. అవన్నీ పార్కులు కట్టడం వల్ల పోలేదు. ఎవరూ పట్టించుకోకుండా వదిలేయడం వల్ల పోయాయి. ముందు చెత్త వేస్తారు, తర్వాత ఇళ్లు కూల్చిన మట్టి తెచ్చి పోస్తారు, ఆ మట్టి మీద గుడిసె వేస్తారు, పదేళ్లకు అక్కడ మేడ లేస్తుంది. రోజూ ఉదయం రెండు వందల మంది నడిచే చోట రాత్రికి రాత్రి ట్రాక్టరుతో మట్టి దించడం అంత సులువు కాదు. మనుషులు తిరుగాడే గట్టుకు అదే కాపలా. అందుచేత బాట వద్దు, దీపాలు వద్దు అని సభలో చెబితే చెరువును కాపాడినట్లు కాదు, కాపలా లేని చోటు చేసినట్లవుతుందని నా అభిప్రాయం.

నడవడానికి చోటు కావాలని అడిగే ఆడవాళ్ల కోరికను చిన్నచూపు చూడవద్దు. మన నగరంలో కోట్ల రూపాయలతో వంతెన లేచింది; శ్రీనివాస సేతును 2023 సెప్టెంబరులో ప్రారంభించారు, యాత్రికుల బస్సులకు ఎంతో మేలు జరిగింది. కాలినడకన బతికే స్థానికులకు ఏమి దక్కిందని అడిగితే చూపడానికి చాలా తక్కువ ఉంది. అదే నగరంలో 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన వాన నీటిలో వాహనం చిక్కుకుని ఒక మహిళ ప్రాణం పోయింది. ఆ నీరు ఎక్కడికి పోవాలో ముందే ఆలోచించి ఉంటే ఆ ప్రాణం నిలిచేది. కనుక వాన నీటి దారి మొదటి అవసరమన్న మాటను నేనూ ఒప్పుకుంటాను, బాటను పూర్తిగా కొట్టివేయవద్దని మాత్రమే కోరుతున్నాను.

జవాబు 3 – స్థానిక సంస్థల లెక్కల తనిఖీలో పనిచేసిన అనుభవంతో

మేడం, మీ రెండో ప్రశ్నకు, అంటే నిధుల ప్రశ్నకు, ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామ పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం నిర్దిష్ట పనులకు కట్టుబడినవి. అందులో సగం పారిశుద్ధ్యానికి, మిగతా సగం తాగునీరు, వాన నీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి వాడాలి. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాల కోసం, జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ తప్ప, పంచాయతీ తన నిర్ణయం ప్రకారం వాడుకోవచ్చు. దీన్ని మీ ప్రతిపాదనకు అన్వయించి చూడండి. వంక పూడిక తీయడం, చెరువులోకి వచ్చే మురుగును మళ్లించడం వంటి పనులను కట్టుబడిన నిధుల్లోకి తీసుకురావడానికి ఆధారం ఉంది. ఆటస్థలం, అలంకరణ దీపాలు ఆ పద్దులో ఇమడవు. వాటిని 40 శాతంలో నుంచే పెట్టుకోవాలి, అప్పుడు అదే డబ్బు కోసం ఎదురుచూస్తున్న వీధి దీపాలూ అంతర్గత రోడ్లూ వెనక్కి పోతాయి. ఈ పోటీ గురించి సభలో ఎవరూ చెప్పరు. పార్కు అదనంగా వచ్చిపడే వరమన్నట్లు వినిపిస్తారు.

ఆర్థిక సంఘం నిధులతో చేసే పని ఏదైనా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉండాలి, ఆ ప్రణాళిక ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో కనబడాలి. ఇంట్లో కూర్చునే చూడవచ్చు. ముందుగా అక్కడ మీ పంచాయతీ ప్రణాళిక తెరిచి ఈ పని ఏ పద్దు కింద, ఎంత మొత్తానికి నమోదయిందో రాసుకోండి. అక్కడ లేకపోతే సభలో మీరు అడగవలసిన మొదటి ప్రశ్న అదే. అంచనా నివేదిక ప్రతిని సమాచార హక్కు చట్టం కింద కోరితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సభ అంతకంటే ముందే ఉంటే దరఖాస్తు ఇప్పుడే పెట్టి, జవాబు వచ్చేవరకు తీర్మానాన్ని వాయిదా వేయమని అడగడం న్యాయమైన కోరికే.

దుకాణాల అద్దెతో నిర్వహణ జరుగుతుందన్న మాట దగ్గర ఆగండి. నేను చూసిన లెక్కల్లో ఇటువంటి దుకాణాల వేలంలో మొదటి ఏడాది మంచి మొత్తం పలుకుతుంది. తర్వాత బకాయిలు పేరుకుంటాయి, అద్దె సవరణ జరగదు, అసలు తీసుకున్నవాడు మరొకరికి అప్పగించి వెళ్లిపోతాడు. మూడో ఏటికి పార్కులో నీళ్ల మోటారు కాలిపోతే బాగు చేయించడానికి డబ్బుండదు. కట్టడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిది. కాపలాదారు జీతం, కరెంటు బిల్లు, గడ్డి కోత ప్రతి నెలా ఉంటాయి. నెలవారీ ఖర్చు ఎంత, దాన్ని ఏ పద్దు నుంచి భరిస్తారు అన్న రెండు అంకెలు అంచనాలో లేకపోతే ఆ అంచనా పూర్తయినట్లు కాదు. ఇక్కడ దుకాణాలకే అనుమతి కుదరదని మొదటి జవాబులో తేలింది, కాబట్టి నిర్వహణకు చూపిన ఆదాయం కూడా లేనట్లే.

పై సంస్థల డబ్బు గురించి ఒక్క మాట. తిరుపతిలో పని ఏదైనా తిరుమల తిరుపతి దేవస్థానం ఆదుకుంటుందన్న ధీమా మనలో బలంగా ఉంది. శ్రీనివాస సేతుకు దేవస్థానమూ స్మార్ట్ సిటీ సంస్థా కలిసి నిధులు ఇచ్చాయి, నిజమే. కానీ 2023లో దేవస్థానం పాలకమండలి తన వార్షిక బడ్జెట్‌లో 1 శాతాన్ని నగర అభివృద్ధికి కేటాయించాలని తీర్మానిస్తే, అభ్యంతరాలు వచ్చిన తర్వాత రాష్ట్ర ప్రభుత్వం దాన్ని అంగీకరించలేదు. భక్తుల కానుకలను ఎంతవరకు ఊరి పనులకు వాడవచ్చన్న ప్రశ్నకు రెండు వైపులా గట్టి వాదనలున్నాయి; నా మటుకు నేను ఆ డబ్బును లెక్కలోకి తీసుకోకుండానే పంచాయతీ తన ప్రణాళిక వేసుకోవాలంటాను. కేంద్రం స్మార్ట్ సిటీల పథకం కూడా 2025 మార్చి 31తో ముగిసింది. వస్తుందో రాదో తెలియని వాటాను నమ్ముకుని చెరువులో గోడ మొదలుపెట్టి, సగంలో ఆపితే, గోడ వెనుక పోసిన మట్టి మాత్రం అక్కడే ఉండిపోతుంది.

జవాబు 4 – ఆయకట్టు రైతును, మీ పక్క ఊరే

అమ్మా, ఆయకట్టు పోయింది కదా, ఇంక చెరువు ఎందుకు అని కొందరు అంటున్నారు. తూము కింద వరి మడులు తగ్గిన మాట నిజమే. కానీ చెరువు నిండిన ఏడాది మా బావుల్లో, మీ కాలనీ బోర్లలో నీరు పైకి వస్తుంది. ఎండిన ఏడాది మీరు ట్యాంకరు కొంటారు, మేము చెట్లకు నీళ్లు లేక కొమ్మలు నరుకుతాము. మా నాన్నగారి కాలంలో చెరువు నీటిని మడులకు పంచే నీరుగంటి ఉండేవాడు. వానాకాలానికి ముందు ఊరంతా కలిసి వంక తవ్వేవారు. ఆ పని ఆగిపోయి నాకు తెలిసినంతలో ముప్పై ఏళ్లయింది. వంకలో ఇప్పుడు తుమ్మచెట్లు, కోళ్ల వ్యర్థాలు, రెండు చోట్ల అడ్డంగా ప్రహరీ గోడలు ఉన్నాయి. కొండ మీద వాన పడినా చెరువుకు నీరు చేరడం లేదు. చేరని నీరు రోడ్డెక్కుతోంది.

సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 చట్టం కింద మా చెరువుకు నీటి సంఘం ఉంది, 2024 డిసెంబరులో ఎన్నికలు కూడా జరిగాయి. ఈ ప్రతిపాదన గురించి సంఘాన్ని ఎవరూ అడగలేదు. మీ కాలనీవాళ్లూ మేమూ ఇంతవరకు ఒకచోట కూర్చున్నది లేదు. సభకు ముందు మీరు ఒకసారి రండి, వంక మొదలు నుంచి చివరి దాకా నడిచి చూపిస్తాను.

ఇంకో మాట. చెరువు పొరంబోకులో పదిహేను దాకా పేదల ఇళ్లున్నాయి. ఆక్రమణలు తీయాలన్నప్పుడల్లా ముందు వాళ్ల ఇళ్ల మీదకే వెళతారు, వంకకు అడ్డంగా గోడ కట్టినవాళ్ల దగ్గరకు వెళ్లరు. మీరు మాట్లాడేటప్పుడు ఈ తేడా మరిచిపోకండి.

జవాబు 5 – న్యాయవాద వృత్తిలో ఉన్నాను, తిరుపతి

రైతు గారి చివరి మాటకు చట్టంలో ఆధారం ఉంది కాబట్టి ముందు అది చెబుతాను. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆదేశాలిచ్చింది. ఆ వివాదం ఒక ఊరి చెరువు స్థలం గురించే. ఎంత కాలంగా ఆక్రమణలో ఉన్నా, ఎంత ఖర్చు పెట్టి కట్టినా అది క్రమబద్ధీకరణకు కారణం కాదని స్పష్టం చేస్తూనే, ప్రభుత్వ ఉత్తర్వుల కింద భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఇచ్చిన చోట్లను, ఇప్పటికే బడి, వైద్యశాల వంటి ప్రజోపయోగ కట్టడాలు ఉన్న చోట్లను అసాధారణ సందర్భాలుగా పరిగణించవచ్చని కూడా చెప్పింది. అందుచేత ఆ పదిహేను ఇళ్లలో ఎవరి దగ్గర ఏ పత్రం ఉందో చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టడం సరికాదు. దానికి పదేళ్లు ముందు, 2001లో హించ్ లాల్ తివారీ కేసులో చెరువులు, గుంటలు, కొండలు సమాజపు ఉమ్మడి వనరులని, వాటిని కాపాడడం ఆరోగ్యకరమైన పర్యావరణానికి అవసరమని అదే కోర్టు చెప్పింది.

చాలామంది సభల్లో చిత్తడి నేలల నియమాల పేరెత్తుతారు, అక్కడ జాగ్రత్త అవసరం. 2017 నాటి ఆ నియమాలు సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులను తమ నిర్వచనం నుంచి మినహాయించాయి. మీరు వాటిని ఉదహరిస్తే ఎదుటివారు ఆ ఒక్క తప్పు పట్టుకుని మీ మొత్తం అభ్యంతరాన్ని పక్కన పెడతారు. మీకు బలమైన ఆధారాలు భవన నియమాల్లోని 30 మీటర్ల హద్దు, నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం, పై రెండు తీర్పులు. వాల్టా కింద జిల్లా స్థాయి ప్రాధికార సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. అభ్యంతర పత్రం ఒక ప్రతి అక్కడికి కూడా పంపండి. కోర్టుకు వెళ్లడం గురించి ఇప్పుడే ఆలోచించవద్దు. గ్రామసభ తీర్మానంలో మీ అభ్యంతరం నమోదు కావడం ఏ పిటిషను కన్నా ముందు జరగవలసిన పని. నోటిమాటగా చెప్పి కూర్చోకుండా రాసి ఇచ్చి, ప్రతి మీద సంతకం, తేదీ వేయించుకోండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారి లెక్కను మా తొమ్మిదో తరగతి పిల్లల చేత నల్లబల్ల మీద చేయించాను. వాళ్లు నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

నగరవాసి గారు చెప్పిన కాపలా మాట నన్ను ఆలోచింపజేసింది. బాట వద్దు అనాలనుకున్న నేను ఇప్పుడు అలా అనను. నీటిమట్టం హద్దు కొలిచిన తర్వాత దాని బయటి పట్టీలో మొరం బాట వేయమని, చెట్లు నాటమని, చెరువు లోపల మట్టి పోయవద్దని, మొరవ మట్టాన్ని తాకవద్దని రాసి ఇస్తాను. పనుల వరుసలో వంక పూడికతీత, మొరవ కాలువ పునరుద్ధరణ మొదట ఉండాలని, వాటికి కట్టుబడిన నిధులు వాడాలని అడుగుతాను. నెలవారీ నిర్వహణ ఖర్చు అంకె లేకుండా తీర్మానం చేయవద్దని కూడా రాస్తాను. ఈ-గ్రామస్వరాజ్‌లో వెతికాను, ఈ ఏడాది మా పంచాయతీ ప్రణాళికలో ఈ చెరువు పని నాకు కనబడలేదు.

మొరవ కాలువ మీద నిలిచిన ఇళ్లలో మా వీధివి మూడు ఉన్నాయి, అందులో ఒకటి మా పక్కింటివారిది. కాలువను బాగుచేయాలంటే వాళ్లతో ముందుగా మాట్లాడవలసింది నేనే. పాత దారి పూర్తిగా తెరవడం సాధ్యం కాకపోతే వీధి కింద పెద్ద పైపుల ద్వారా నీటిని దాటించవచ్చా, అంత వరదకు అవి సరిపోతాయా అన్నది నీటిపారుదల తెలిసినవారు చెప్పగలరా?

రైతు గారూ, ఆదివారం ఉదయం ఆరున్నరకు కట్ట మీద వినాయకుడి గుడి దగ్గర ఉంటాను. కాలనీ నుంచి ఇంకో ఐదారుగురు వస్తారు. వంక వెంట ఎక్కడెక్కడ అడ్డం పడిందో ఫోటోలు తీసి, సర్వే నంబరు వారీగా రాసుకుందాం.